కందిపప్పు ఉడికే నీళ్లు

మా నాయనమ్మకి మంచినీళ్ల పరీక్ష ఒకటే: కందిపప్పు ఉడకాలి. పప్పు మెత్తగా మెదిగితే మంచినీళ్లు, ఎంతసేపు పొయ్యి మీద ఉంచినా పలుకు పలుకుగానే ఉంటే ఉప్పునీళ్లు. మా ఊరు ప్రకాశం జిల్లాలో, దర్శి పక్కన. ఊళ్లో పాత బావి ఒకటుండేది, ఆ నీళ్లకి పప్పు ఉడికేది కాదు, సబ్బు నురగ వచ్చేది కాదు, తాగితే నాలుకకి కాస్త ఉప్పగా తగిలేవి. తర్వాత బోరు వేశారు. బోరు నీళ్లు తియ్యగా ఉన్నాయి, పప్పు ఇట్టే ఉడికింది, ఇంకేముంది, ఊరు ఊరంతా బిందెలెత్తుకుని బావిని వదిలేసి బోరు దగ్గరికి చేరింది. బావిలో ఇప్పుడు ప్లాస్టిక్ కవర్లు, పాత చెప్పులు ఉన్నాయి.

ఎమ్మెస్సీలో భూగర్భజలాల కెమిస్ట్రీ క్లాసులో కూర్చుని నోట్సు రాసుకుంటుంటే నాకు ఆ పప్పు గుర్తొచ్చి పెన్ను ఆగిపోయింది. పప్పుని ఉడకనివ్వనిది నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం. అదే కాల్షియం నీళ్లలో బాగా ఉంటే ఫ్లోరైడ్‌తో కలిసి కరగని ఉప్పుగా మారి కిందికి దిగిపోతుంది, ఫ్లోరైడ్‌ని ఎక్కువ పెరగనివ్వదు. కాల్షియం తగ్గి, సోడియం, బైకార్బనేట్ పెరిగిన నీళ్లలో మాత్రం మా గ్రానైటు రాళ్లలోంచి కరిగిన ఫ్లోరైడ్ అట్టాగే ఉండిపోతుంది. అంటే పప్పు బాగా ఉడికే నీళ్లలోనే ఫ్లోరైడ్ ఎక్కువ ఉండే అవకాశం. ప్రతి ఊళ్లోనూ ఇంతే అని కాదు, మా ఊళ్లో మాత్రం ఇంతే. నాయనమ్మ పరీక్ష కాల్షియాన్ని సరిగ్గానే పట్టుకుంది, ఫ్లోరైడ్ సంగతి ఆ పరీక్షకి తెలీదు. ఫ్లోరైడ్ రుచి తెలీదు, రంగు తెలీదు, వాసన తెలీదు, తెలిసేది పదిహేను ఇరవై ఏళ్ల తర్వాత, నడుం వంగినప్పుడు.

మా నాయనమ్మ నడుం వంగింది. కానీ పళ్లు మాత్రం మల్లెపూలు. మా నాన్నవి గారపళ్లు, నావీ అంతే, గోధుమరంగు చారలు. ఎందుకంటే పంటి మీద ఫ్లోరైడ్ మచ్చ పడేది చిన్నప్పుడు, చిగురు లోపల పన్ను తయారయ్యే ఏడెనిమిదేళ్లలోపు తాగిన నీళ్లని బట్టే. నాయనమ్మ బాపట్ల వైపు నుంచి కోడలిగా వచ్చింది, అప్పటికే ఆవిడ పళ్లు గట్టిపడిపోయి ఉన్నాయి, ఎముకలు మాత్రం తప్పించుకోలేకపోయాయి. మా ఊళ్లో పెళ్లి పందిట్లో నిలబడి నవ్వే ఆడవాళ్లని చూస్తే ఎవరు ఈ ఊరి ఆడపడుచో, ఎవరు బయటి నుంచి వచ్చిన కోడలో చెప్పేయొచ్చు. ఆడపడుచులు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతారు. నేను ఇరవై రెండేళ్లు అట్టాగే నవ్వాను.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, పోయిన నెల మా గైడు సార్ నన్ను పిలిచి, కోపంగా కూడా కాదు, కాస్త దిగులుగా, "అమ్మా, నువ్వు సైంటిస్టువి అవుదామనుకుంటున్నావా, లీడరువి అవుదామనుకుంటున్నావా, ఏదో ఒకటి తేల్చుకో" అన్నారు. గ్రామసభలో నేను మైకు పట్టుకున్న వీడియో ఎవరో ఆయనకి పంపారట. ఆయన చెడ్డవారు కాదు, నా థీసిస్ ఎక్కడ ఆగిపోతుందోనని ఆయన భయం. అప్పుడు తలూపి వచ్చేశాను కానీ జవాబు చెప్పలేదు, అది ఇక్కడ చెప్పుకుంటున్నా.

రాజకీయం నాకు మధ్యలో అంటుకున్న పిచ్చి కాదు సార్. మా తాతకి చూపు తగ్గాక రోజూ పొద్దున పేపరు చదివి వినిపించే డ్యూటీ నాదే, ఆరో తరగతి నుంచి. మొదటి పేజీ నుంచి జిల్లా ఎడిషన్ దాకా, అసెంబ్లీలో ఎవరు ఎవర్ని ఏమన్నారో సహా. ఆదివారం సైన్సు పేజీ మాత్రం నాకోసం చదువుకునేదాన్ని, తాత ఆ టైములో బీడీ ముట్టించుకునేవాడు. మా మామ మండల స్థాయి నాయకుడు, పేరుకి. సాయంత్రం మా అరుగు మీద పదిమంది చేరితే ఎవరికి టికెట్టు, ఏ ఊళ్లో ఎన్ని ఓట్లు అని లెక్కలు వేసేవాళ్లు, ఆ లెక్కలు మా కాలేజీ స్టాటిస్టిక్స్ కంటే నాకు ముందే అర్థమయ్యాయి. మా మామ చెప్పే మెజారిటీ అంచనాలో తప్పు ఎంత ఉండొచ్చో కూడా ఆయనే చెప్పేవాడు, "ఒక రెండొందలు అటూ ఇటూ." చాలా రీసెర్చి పేపర్లలో ఆ మాత్రం నిజాయితీ ఉండదు.

తర్వాత పీహెచ్‌డీలో చేరి పాత వ్యాసాలు తవ్వుతుంటే 1937 నాటిది ఒకటి కనబడింది. మద్రాసు నుంచి షార్ట్ అనే డాక్టరు, ఆయనతో ఇంకొందరు వచ్చి పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల్లో జనాన్ని పరీక్షించి, ఈ వంకర కాళ్లకీ బిగుసుకుపోయిన మెడలకీ కారణం నీళ్లలోని ఫ్లోరైడ్ అని రాశారు. అప్పటికి మేం నెల్లూరు జిల్లా, మద్రాసు ప్రెసిడెన్సీ. ప్రకాశం జిల్లా అనేది 1970లో గానీ పుట్టలేదు. మన దేశంలో ఫ్లోరోసిస్ అనే ఈ జబ్బు గురించి వైద్యులు మొదట రాసింది మా ఊళ్ల గురించే, ఏం గర్వమో మరి. అంతకుముందు, ముప్పైల మొదట్లోనే, రైతులు ఇదే జబ్బుని ఎడ్లలో గమనించారట. దుక్కికి కట్టిన ఎద్దు కీళ్లు పట్టేసి నడవలేకపోయేది. ఇక్కడి గిత్తల్నే బ్రెజిల్ వాళ్లు ఓడల్లో తీసుకెళ్లి నెలోర్ అని పేరు పెట్టుకుని మందలు మందలుగా పెంచుకున్నారు. వాటి చుట్టాలు ఇక్కడ బోర్లపడుతున్నాయి.

నన్ను కుదురుగా ఉండనివ్వనిది ఆ ఏడాదే. 1937లోనే రాజాజీ మంత్రివర్గంలో టంగుటూరి ప్రకాశం పంతులు రెవెన్యూ మంత్రి అయ్యారు. జమీందారీల మీద విచారణ కమిటీకి ఆయనే అధ్యక్షుడు, మా వైపు ఊళ్లన్నీ వెంకటగిరి జమీ కిందవి. జమీందారీ రద్దు చట్టం 1948లో వచ్చేసింది, పదకొండేళ్లలో. శిస్తు పోరాటానికి ఊరేగింపులు జరిగాయి, నాయకులొచ్చారు, జనం జైలుకెళ్లారు, అయ్యింది. ఫ్లోరైడ్ వ్యాసం కూడా అదే ఏడు అచ్చయింది, లైబ్రరీలో కూర్చుంది. దానికోసం ఊరేగింపు చేసినవాడు లేడు, ఎట్టా చేస్తాడు, ఇంగ్లీషులో ఉన్న ఆ వ్యాసం దర్శిలో ఎవడు చదివాడు గనక. కారణం తెలిసి ఎనభై ఏళ్లు దాటినా మా నాయనమ్మ నడుం వంగిందంటే లోపం కెమిస్ట్రీలో లేదు కదా.

పరిష్కారాలు మాత్రం తక్కువా? నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ వాళ్లు డెబ్బైలలోనే నల్గొండ పద్ధతి అని కనిపెట్టారు, పటిక, సున్నం, కాస్త బ్లీచింగ్ వేసి కలిపి, మడ్డి దిగాక పైన తేరిన నీళ్లు తీసుకోవడమే. పరీక్షనాళికలో చేస్తే చక్కగా పనిచేస్తుంది, నేనూ చేశాను. ఊళ్లో చేయాలంటే రోజూ పటిక తూచి వేసే మనిషి కావాలి, ఆ మనిషికి నెలనెలా జీతం రావాలి, అడుగున చేరిన మడ్డిని మళ్లీ నీళ్లలో కలవని చోట పారబోయాలి. జీతం అనగానే అది పంచాయతీ తీర్మానం, బిల్లు, బకాయి. ఇప్పుడు అంతా ఆర్వో ప్లాంట్లు, క్యాన్లు. ఆర్వోలో ఫ్లోరైడ్ పోతుంది, నిజమే, కానీ పోయిన ఫ్లోరైడ్ ఎక్కడికి పోతుంది? వేస్టు నీళ్లలో ఇంకా చిక్కబడి బయటికొస్తుంది. మా పక్క ఊళ్లో ఆ పైపుని తీసుకెళ్లి బోరుకి నాలుగడుగుల దూరంలో ఉన్న గుంటలో వదిలారు. అది చూసి నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

ఇక వెలిగొండ. 1996లో శంకుస్థాపన చేసిన ప్రాజెక్టు అది, అంటే నాకంటే పెద్దది. శ్రీశైలం నుంచి కృష్ణ వరదనీళ్లు కొండ కింద 18.8 కిలోమీటర్ల సొరంగాల్లోంచి పశ్చిమాన ఉన్న మెట్ట ఊళ్లకి రావాలి, సాగుకీ తాగడానికీ. పూల సుబ్బయ్య అనే కమ్యూనిస్టు నాయకుడి పేరు పెట్టారు. నేను బళ్లో చదివేటప్పటి నుంచి ప్రతి ఎన్నికలకీ "ఈసారి నీళ్లే" అని వింటున్నా. మా తాత దగ్గర అన్ని పార్టీల మేనిఫెస్టో కరపత్రాలూ ఒక సంచిలో ఉండేవి, తేదీలు చూడకుండా ఏది ఎప్పటిదో చెప్పమని నన్ను ఆటపట్టించేవాడు. చెప్పలేకపోయేదాన్ని.

ఇంతవరకూ నాయకుల మీద వేశాను, ఇప్పుడు నా మీద వేసుకోవాలి.

మొన్న ఎన్నికలకి ముందు మే నెలలో నేను ఊళ్లో మూడు బోర్ల నుంచి శాంపిల్స్ తీశాను. ప్లాస్టిక్ సీసాలో, బోరు పది నిమిషాలు పారాక, అన్నీ పద్ధతిగానే. హైదరాబాదు తీసుకెళ్లి ల్యాబులో బఫర్ ద్రావణం కలిపి, ఫ్లోరైడ్ని కొలిచే ఎలక్ట్రోడ్ పెట్టి చూస్తే రెండింటిలో లిమిట్ దాటింది, ఒకదాంట్లో దానికి రెట్టింపు పైనే. లిమిట్ అంటే లీటరుకి 1 మిల్లీగ్రాము మించకూడదు, వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా ఒప్పుకుంటారు. మూడో బోరులో మాత్రం 1 కంటే తక్కువే. సరే. మా మామ పార్టీ కుర్రాడు ఒకడు ఫోన్ చేసి "అక్కా, మన ఊరి నీళ్ల రిపోర్టు వచ్చిందంట కదా, రెండు ముక్కలు రాసి పెట్టు" అన్నాడు. నాకు ఆ పార్టీ గెలవాలని ఉంది, దాచిపెట్టుకోను. నేను వాట్సాప్‌లో "మా ఊరి నీళ్లలో ఫ్లోరైడ్ పరిమితికి రెట్టింపు ఉంది" అని రాశాను. మూడిట్లో ఒక బోరులో అని రాయలేదు. మర్చిపోలేదు, రాయలేదు. ఆ ఒక్క మాట పెడితే వాక్యం పొడుగైపోతుంది, పదును పోతుంది అని నాకు నేను చెప్పుకున్నాను.

రెండు రోజుల్లో బస్టాండు దగ్గర ఫ్లెక్సీ లేచింది, నా పేరు, నా చదువు, పక్కన పుర్రె బొమ్మ. నాలుగో రోజు అవతలి పార్టీ వాళ్లు మూడో బోరు నీళ్లు పట్టుకెళ్లి ఎక్కడో పరీక్ష చేయించి ఆ కాగితాన్ని జిరాక్సులు తీసి పంచారు. వాళ్ల కాగితమూ నిజమే! టీ బంకు దగ్గర రెండు కాగితాలు పట్టుకుని కొట్టుకునేదాకా వెళ్లారు. "ఏందమ్మాయ్, మీ సైన్సులో కూడా పార్టీలుంటాయా?" అని టీ బంకాయన అడిగితే నాకు టీ గొంతు దిగలేదు. ఆ తర్వాత దాదాపు ఆరు నెలలు ఊళ్లో సగం ఇళ్లవాళ్లు నన్ను వాళ్ల బోరు దగ్గరికి రానివ్వలేదు. సీసా పట్టుకుని కనబడితే మోటారు ఆపేసేవాళ్లు. నా థీసిస్ మ్యాపులో ఊరి తూర్పు పక్క ఖాళీగా ఉండటానికి అసలు కారణం అదే, థీసిస్‌లో "శాంపిల్ లభ్యం కాలేదు" అని రాశాను.

కాబట్టి సార్ భయం ఉత్తది కాదని నాకు తెలుసు. కానీ ఆయన చెప్పినట్టు రాజకీయం నుంచి తప్పుకుంటే అంతా సర్దుకుంటుందా? అంతకు ముందు ఏడాది జిల్లాలో ఒక ఆఫీసు నుంచి బోర్ల లిస్టు తీసుకుని, దాని ప్రకారం బుద్ధిగా, ఏ పార్టీ వాసనా లేకుండా తిరిగాను. లిస్టులో బోర్లన్నీ రోడ్డు పక్కవే, పెద్ద వీధుల్లోవే. ఎస్సీ కాలనీ చివర ఉన్న చేతిపంపు లిస్టులో లేదు. లేదు కాబట్టి నేనూ వెళ్లలేదు. ట్యాంకు నీళ్లు వాళ్ల కొళాయిదాకా వచ్చేసరికి సన్నబడతాయి, కాబట్టి ఊళ్లో చేతిపంపు నీళ్లు అందరికంటే ఎక్కువ తాగేది వాళ్లే, ఆ పంపు లేకుండానే నేను "ఊరి సగటు" అని టేబుల్ వేసి సెమినార్లో చూపించి చప్పట్లు కొట్టించుకున్నాను. నన్నడిగితే ఆ టేబుల్ ఫ్లెక్సీ కంటే పెద్ద రాజకీయం, కాకపోతే దాని మీద పుర్రె బొమ్మ లేదు. ఆ పంపు సంగతి నాకు చెప్పింది సైన్సు పుస్తకం కాదు, వార్డు మెంబరుగా ఓడిపోయిన ఒక పెద్దావిడ.

మా హాస్టల్ గదిలో గోడకి భౌతిక శాస్త్రవేత్త మేఘనాద్ సాహా ఫొటో ఉంది. నక్షత్రాల వెలుగుని చూసి అక్కడి వేడిలో పరమాణువులు ఎంత అయనీకరణం చెందాయో, అంటే ఎలక్ట్రాన్లు ఎంత పోగొట్టుకున్నాయో, లెక్కగట్టే సమీకరణం ఆయనది, 1920 నాటిది. చిన్నప్పుడు, 1905లో, గవర్నరు బడికి వస్తే నిరసన చేశాడని ఢాకాలో స్కూల్లోంచి వెళ్లగొట్టారు. వరదలొచ్చే ఊళ్లో పెరిగినవాడు, నదుల మీద జీవితమంతా రాస్తూనే ఉన్నాడు, దామోదర్ వరదల మీద ప్రణాళిక దాకా. 1952లో మొదటి లోక్‌సభకి కలకత్తా నుంచి గెలిచాడు. 1956లో ఢిల్లీలో ప్లానింగ్ కమిషన్ ఆఫీసుకి వెళ్తూ దారిలోనే గుండెపోటుతో పోయాడు. ఆయన్ని తల్చుకుంటే ధైర్యంగా ఉంటుంది కానీ ఒక్క తేడా ఉంది, ఆయన పార్లమెంటుకి వెళ్లేటప్పటికి సమీకరణం చేతిలో ఉంది, నా చేతిలో ఇంకా సగం థీసిస్సే ఉంది. ఇది సార్‌కి నేనే పాయింటు ఇచ్చినట్టయింది, పోనీ.

(రాజ్యాంగంలో సైన్సు దృక్పథం పెంచుకోవడం పౌరుల బాధ్యత అని 1976లో 42వ సవరణతో రాశారు. ఎమర్జెన్సీలో! ప్రశ్నించే గుణం పెంచుకోండి అని రాసిన ఏడాదే ప్రశ్నించినవాళ్లు జైళ్లలో ఉన్నారు. దీని మీద ఇంకోసారి రాస్తా.)

అసలు కష్టమైన సంగతి ఇంకోటి ఉంది, అది ఏ పార్టీ మైకులోనూ వినలేదు, నా నోటితోనూ గ్రామసభలో రాలేదు. నీళ్లు రాతిలో ఎంత ఎక్కువకాలం నిలవుంటే అంత ఫ్లోరైడ్ కరుగుతుంది, మామూలుగా లోతుకి పోయేకొద్దీ అలాంటి పాత నీళ్లే. 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చింది. రైతుకి అది ప్రాణం, కాదనేవాడు మా ఊళ్లో తిరగలేడు. కానీ కరెంటుకి ఖర్చు లేనప్పుడు మోటారు ఆపడానికి కారణం ఉండదు, నీటిమట్టం దిగిపోతుంది, ఇంకా లోతుకి బోరు వేస్తాం. మా నాన్న బత్తాయి తోటలో మొదటి బోరు 150 అడుగులు, ఇప్పటిది 600 దాటింది, మధ్యలో మూడు ఎండిపోయాయి. ఆ బత్తాయి డబ్బుతోనే నేను చదువుకున్నాను. ఎలక్ట్రోడ్ వాడటం నేర్చుకున్న ఫీజు కూడా ఆ బోరులోంచి వచ్చిందే. ఉచిత కరెంటు తీసేయమని నేను అనను, మీటర్లు పెట్టినా మా నాన్నలాంటివాళ్లే ముందు మునుగుతారు, బిందు సేద్యం, తక్కువ నీటి పంట అని నోటితో చెప్పడం తేలికే, కంది వేస్తే బత్తాయి డబ్బు రాదు కదా. ఒకసారి అన్నం తింటూ నాన్నతో ఈ మాటే అన్నాను. ఆయన చెయ్యి కడుక్కుని, "అయితే నీ చదువు తప్పంటావా?" అన్నాడు. నాకు అన్నం సహించలేదు.

మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు చేతిపంపుతో సహా ఏడు చోట్ల సీసాలు నింపాను. ఈసారి ఫలితాలు ముందు ఎవరి ఫోన్‌కీ పోవు, ఏడు అంకెలూ ఒకే కాగితం మీద రాసి పంచాయతీ గోడకి అంటిస్తానని రెండు పార్టీల వాళ్లకీ ముందే చెప్పాను. మా మామకి కోపం వచ్చింది, రెండు రోజులు మాట్లాడలేదు, మూడో రోజు తనే వచ్చి ఆ కాగితం తెలుగులో పెద్ద అక్షరాలతో ఉండాలి, ఏ బోరు ఎక్కడుందో గుర్తులు రాయాలి, లేకపోతే ఎవరికీ అర్థం కాదు అన్నాడు. ఎన్నికల మనిషి కదా, గోడ మీద ఏది చదువుతారో ఆయనకి నాకంటే తెలుసు.

రాత్రి వంటింట్లో సీసాలకి లేబుళ్లు అంటిస్తుంటే నాయనమ్మ పీట మీద కూర్చుని చూస్తోంది. తాగడానికి క్యాను నీళ్లే, వంటకి మాత్రం ఇంకా బోరు నీళ్లే, క్యాను నీళ్లు వంటకి పోస్తే డబ్బులు దండగ అని ఆవిడ లెక్క. నీళ్లు మరిగినా ఫ్లోరైడ్ పోదు, ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుందని చెబుతూనే ఉన్నాను. ఆవిడ ఒక సీసా తీసుకుని దీపం ముందు పెట్టి అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది ఏ పార్టీ బోరే?" అంది.

"మన నాన్న బోరే నాయనమ్మా."

"అయితే దాన్ని మటుకు ఆ గోడకి అంటించమాక, తోట కౌలుకి అడగను ఎవడూ రాడు" అని సీసా నా చేతికిచ్చి, పొయ్యి మీద పప్పు మెదపడానికి లేచింది.